పింఛను దానమా, ఋణమా?



ఉగాది నాడు ఆలయంలో పంచాంగ శ్రవణం జరిగేటప్పుడు మనమంతా చెవులు రిక్కించి వినేది నాలుగు అంకెలు. మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని. పడుచువారు ఆదాయం అంకె విని సంతోషపడతారు. ముందు వరుసలో కుర్చీలలో కూర్చున్న పెద్దవారికి మాత్రం ఆ అంకెతో పని ఏముంటుంది? డెబ్బై దాటిన వారికి వ్యయం ఎటూ ఉంటుంది. మందులున్నాయి, కరెంటు బిల్లుంది, మనవడికి ఇవ్వవలసిన పండుగ రూకలున్నాయి. ఆదాయం ఎక్కడి నుంచి రావాలి? రాకపోతే, పంచాంగంలో నాలుగో అంకెగా చెప్పే అవమానం ఎవరి ఖాతాలో వేయాలి?

ఈ పండుగ సంచికలో ఈ ప్రశ్ననే పాఠకుల ముందు ఉంచాలని మేము భావించాము. వృద్ధులను పోషించడం కన్నబిడ్డల ధర్మమా, ప్రభుత్వ బాధ్యతా? ప్రభుత్వం ఇచ్చే సాయం పుచ్చుకోవడం చేయి చాచడమా, లేక తనకు రావలసినది తాను తీసుకోవడమా?

మన పెద్దలు మిగుల్చుకున్నది ఎంత?

మన తాతముత్తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం, చిత్తూరు ప్రాంతాల నుంచి ఓడలెక్కి ఈ దేశానికి వచ్చారు. చాలామంది కంగాణీల వెంట వచ్చినవారే. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను ఆపేదాకా అలా వస్తూనే ఉన్నారు. దిగువ పేరాలో బాగాన్ దాతో, తెలుక్ ఆన్సన్ చుట్టుపట్ల, కెడాలో, జొహోర్‌లో తోటలు నరికారు, రబ్బరు పాలు గీశారు, కొబ్బరికాయలు వలిచారు. లైను ఇళ్ళలో బ్రతికారు. ఆ తోటల మధ్యనే రామాలయాలు కట్టుకున్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం స్థాపించుకున్నారు. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగేంతగా ఎదిగారు.

అయితే చేతిలో మిగిలిన సొమ్ము మాటేమిటి? ఈ.పి.ఎఫ్. అని మనమంతా పిలిచే ఉద్యోగుల భవిష్యనిధి 1951లోనే ఏర్పడింది. ప్రపంచంలోని పాత భవిష్యనిధులలో అది ఒకటి, ఈ దేశానికి గర్వకారణం. కాని భవిష్యనిధి పింఛను కాదు. పింఛను మనిషి ప్రాణం ఉన్నంతకాలం వస్తుంది. భవిష్యనిధిలో మనం ఎంత వేస్తే అంత, దానిపై డివిడెండు, అంతే. కూలి తక్కువైతే నిధీ తక్కువే.

ఒక లెక్క చూద్దాం. 1980 దశకంలో ఉద్యోగి వంతు నూటికి 9, యజమాని వంతు 11, మొత్తం 20. నెలకు 300 రింగిట్లు చేతికి వచ్చే తోట కూలి ఉన్నాడనుకుందాం. నెలకు 60 రింగిట్లు నిధిలో పడతాయి. అదే కూలి మీద ముప్పై ఏళ్ళు పనిచేస్తే అసలు 21,600 రింగిట్లు. డివిడెండు కలిసి అది మూడింతలయినా 65,000 దాటదు. 2019లో ఈ.పి.ఎఫ్. వారు 55వ ఏట కనీసం 2,40,000 రింగిట్లు ఉండాలని లెక్కగట్టారు. అంటే ఇరవై ఏళ్ళపాటు నెలకు వెయ్యి రింగిట్లు. తోట కూలికీ ఆ వెయ్యికీ మధ్య ఎంత దూరమో పాఠకులే చూడవచ్చు. కనీస వేతన చట్టం ఈ దేశంలో అమలులోకి వచ్చినది 2013లో, అప్పుడు ద్వీపకల్పంలో 900 రింగిట్లు. 2025లో అది 1,700 అయింది. కాని 2013 నాటికే విశ్రాంతి తీసుకున్న మన అమ్మమ్మలకు, తాతయ్యలకు ఆ చట్టం ఏ విధంగానూ అందలేదు.

ఆడవారి సంగతి ఇంకా కష్టం. పిల్లలు పుట్టినప్పుడల్లా పని మానుకున్నవారు, ఇంటిపట్టున ఉండి పదిమందికి వండిపెట్టినవారు, వారి నిధి ఖాతాలో ఏమీ లేదు. ఆయుష్షు చూస్తే మగవారికంటే ఎక్కువ. గృహిణులకోసం ఐ-సూరి అనే పథకం 2018లో గాని రాలేదు. గృహిణుల సామాజిక భద్రతా పథకం 2022 డిసెంబరులో మొదలైంది.

తోటలో పని మానేస్తే లైను ఇల్లు కూడా ఖాళీ చేయాలి. జీతం, ఇల్లు ఒకేనాడు పోయే ఉద్యోగం అది. అటువంటి పరిస్థితిలో చేతికందిన నిధి సొమ్ము ఏమవుతుంది? తక్కువ ఖరీదు ఇంటికి అడ్వాన్సు, కూతురి పెళ్ళి, కొడుకు మోటారు సైకిలు. యయాతి మహారాజు కొడుకు యౌవనం అడిగి పుచ్చుకున్నాడని పురాణం. మన ఇళ్ళలో ఆ కథ తలకిందులయింది. తండ్రి తన వృద్ధాప్యాన్ని మొత్తంగా కొడుకు చేతిలో పెడుతున్నాడు. పూరుడికి అయినా యౌవనం తిరిగి వచ్చింది, ఈ తండ్రికి ఆ సొమ్ము తిరిగి రావడం అరుదు.

అన్నం పెట్టడం ఒకటి, అడగనివ్వకపోవడం ఒకటి

తల్లిదండ్రులను దైవంగా చూడమని మన ఉపనిషత్తు చెబుతుంది. పుట్టిన ప్రతివాడూ దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అనే మూడు అప్పులతో పుడతాడని మన పెద్దల మాట. కాబట్టి కొందరు పెద్దమనుషులు ఇలా వాదిస్తారు: "కన్నవారిని చూడవలసింది బిడ్డలే. ప్రభుత్వం పింఛను ఇస్తే కొడుకులు తమ ధర్మం మరచిపోతారు. మన కుటుంబ వ్యవస్థ దెబ్బతింటుంది."

ఈ వాదనను తేలికగా కొట్టివేయరాదు. ఇందులో నిజమైన భయం ఉంది. ఇంట్లో మనిషి పలకరింపుకు ఏ పథకమూ సాటిరాదు. అయితే మహాభారతంలో ఆశ్రమవాస పర్వం ఒకసారి తలచుకోవాలి. యుద్ధం తరువాత ధృతరాష్ట్రుడు పదిహేనేళ్ళు ధర్మరాజు ఇంటనే ఉన్నాడు. అన్నానికి, వస్త్రానికి, సేవకు ఏ లోటూ లేదు. అయినా భీముడి మాటలు ములుకుల్లా గుచ్చుకుని ముసలిరాజు అడవికి పోతానన్నాడు. వెళ్ళేముందు చనిపోయిన బిడ్డలకు, భీష్మాదులకు శ్రాద్ధం పెట్టడానికి ధనం కావాలని అడిగించవలసి వచ్చింది. భీముడు వద్దన్నాడు. ధర్మరాజు, అర్జునుడు తమ సొంత ధనం నుంచి ఇచ్చారు.

ధృతరాష్ట్రుడు తప్పులు లేనివాడని మేము అనడం లేదు. ఇక్కడ గమనించవలసినది వేరు. కడుపు నిండినా, చేతిలో తనదంటూ ఏమీ లేనివాడు అడగవలసి వస్తుంది. అడిగినప్పుడు ఇంట్లో ఒక ధర్మరాజు ఉండవచ్చు, ఒక భీముడూ ఉండవచ్చు. ముసలివారి గౌరవం ఆ రోజు ఎవరు తలుపు తీస్తారన్న దానిమీద ఆధారపడి ఉండకూడదు. పింఛను అవసరం ఇక్కడే ఉంది. అది కొడుకు ప్రేమకు ప్రత్యామ్నాయం కాదు. ఆ ప్రేమ యాచన మీద నిలబడకుండా చేసే ఏర్పాటు.

ఇంకొక మాట. ధర్మం చెప్పేటప్పుడు శక్తి కూడా చూడాలి. 1,700 రింగిట్లు జీతం తెచ్చుకుని, అద్దె కట్టి, ముగ్గురు పిల్లలను బడికి పంపే కొడుకును తల్లి మందులు కొనలేదని నిందించడం సులభం. అతడికి మనసు లేదనలేము, జేబులో లేదు. శక్తిలేనివాడి నెత్తిన మొత్తం ధర్మం పెడితే, తల్లీ కొడుకూ ఇద్దరూ సిగ్గుతో మాట్లాడుకోవడం మానేస్తారు. ఇక బిడ్డలు లేనివారు, బిడ్డలు ముందే పోయినవారు, వారి ఋణం ఎవరు తీర్చాలి? రబ్బరు, కొబ్బరి ఎగుమతులతో పెరిగిన ఈ దేశపు ఐశ్వర్యంలో వారి చెమట ఉంది. ఆ చెమట ఫలం అనుభవిస్తున్న సమాజానికి వారిపట్ల పితృఋణం ఉన్నదని మా అభిప్రాయం. అందుచేత పింఛను దానం కాదు. ఆలస్యంగా తీరుస్తున్న అప్పు.

ఇరుగు పొరుగు ఏం చేస్తున్నారు?

ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మనీ 1889లోనే వృద్ధాప్య బీమా చట్టం చేసింది. ఇంగ్లండులో 1909 జనవరి 1న డెబ్బై ఏళ్ళు దాటిన బీదవారికి వారానికి 5 షిల్లింగుల పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకుముందు వారిలో కొందరికి అనాథ శరణాలయమే దిక్కు. మన పొరుగున బ్రూనైలో 1955 నుంచి వృద్ధాప్య పింఛను ఉంది, అరవై నిండినవారికి బీదా గొప్పా తేడా లేకుండా ఇస్తారు. థాయిలాండులో 60 ఏళ్ళు దాటినవారికి వయసును బట్టి నెలకు 600 నుంచి 1,000 బాత్‌లు ఇస్తున్నారు.

మన పూర్వీకుల నేల మాట కూడా చెప్పుకోవాలి. భారత ప్రభుత్వం 1995లో 75 రూపాయలతో మొదలుపెట్టిన వృద్ధాప్య పింఛను, ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 200 నుంచి 1,000 రూపాయలకు, 2024 జూలైలో 4,000 రూపాయలకు పెరిగింది. ఇంటి గుమ్మం దగ్గరకే తెచ్చి చేతిలో పెడుతున్నారు. తెలంగాణలో ఆసరా పేరుతో 2014లో 1,000 రూపాయలు, 2019లో 2,016 రూపాయలు చేశారు. శ్రీకాకుళం పల్లెలో ఉన్న పెద్దమ్మకు ఒకటో తారీఖు వస్తుందంటే ఇంట్లో మాట చెల్లుతుంది. పింఛను వచ్చిందని అక్కడ ఎవరూ ఆమెను తక్కువ చేసి చూడరు.

మలేసియాలో అందరికీ వర్తించే వృద్ధాప్య పింఛను లేదు. ప్రభుత్వోద్యోగులకు పింఛను ఉండేది, 2024 నుంచి కొత్తగా చేరేవారికి అదీ లేదు. బీదవారికి సంక్షేమ శాఖ ద్వారా బంతువాన్ వర్గ ఎమాస్ అనే వృద్ధుల సాయం ఉంది. 2025 బడ్జెట్‌లో దానిని నెలకు 500 నుంచి 600 రింగిట్లకు పెంచారు. మంచి పని. కాని 2022లో ఒక కుటుంబానికి పేదరిక రేఖ నెలకు 2,589 రింగిట్లని ప్రభుత్వమే లెక్కగట్టింది, కాబట్టి ఆ 600తో ఏ మేరకు గడుస్తుందో ఊహించుకోవచ్చు. పైగా అది అడిగినవారికి, బీదరికం నిరూపించుకున్నవారికి మాత్రమే. కరోనా కాలంలో ఈ.పి.ఎఫ్. నుంచి నాలుగు విడతలుగా దాదాపు 14,500 కోట్ల రింగిట్లు జనం తీసుకున్నారు. ఆనాడు అది ప్రాణాలు నిలిపింది, నిజమే. రేపు ముసలివారయ్యే నేటి నడివయసువారి నిధి ఆ మేరకు తరిగింది, ఇదీ నిజమే. 2030 నాటికి ఈ దేశంలో నూటికి పదిహేనుమంది అరవై దాటినవారే ఉంటారని అంచనా. అందుచేత అందరికీ కొద్దిపాటి నెలసరి పింఛను అనే ఆలోచనకు మన సంఘాలు కూడా గొంతు కలపాలి.

మన ఆలయం చేయగలిగినది

పండుగనాడు బియ్యం మూట, చీర పంచడం పుణ్యకార్యమే. అయితే నెలకు ముప్పై రోజులు. ఒకనాటి అన్నదానం పక్కన ఏడాదంతా నిలిచే సాయం కూడా ఉండాలని మా మనవి. అందుకు డబ్బుకంటే కొంచెం ఓపిక, కొంచెం చదువు చాలు.

పడుచువారు తమ వీధిలో ఉన్న పెద్దవారిని పలకరించి, ఐ.సి. తీసుకుని జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయానికి వెంట తీసుకువెళ్ళండి. మలాయిలో ఫారం నింపడం రాక ఆగిపోయినవారు ఎందరో. సుంబంగాన్ తునాయ్ రహ్మా జాబితాలో వారి పేరు ఉన్నదా, పేక బి40 కింద ఉచిత ఆరోగ్య పరీక్షలకు అర్హత ఉన్నదా అడిగి తెలుసుకోండి. పుట్టిన పత్రం లేక ఎర్ర ఐ.సి.తోనే మిగిలిపోయిన పెద్దవారుంటే, వారి కాగితాల పని ముందు చూడండి. పౌరసత్వం లేనిదే సంక్షేమ శాఖ సాయం అందదు.

పూలు కట్టి అమ్మేవారు, కుట్టుపని చేసేవారు, వ్యాను నడిపేవారు సొంతంగా ఈ.పి.ఎఫ్.లో ఐ-సారాన్ కింద పొదుపు చేయవచ్చు. వేసినదానికి ప్రభుత్వం నూటికి 20 వంతున, ఏడాదికి 500 రింగిట్లదాకా కలుపుతుందని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. యాభై అయిదు నిండినవారు సొమ్మంతా ఒక్కసారిగా తీయనక్కరలేదు. నెలనెలా కొంత తీసుకునే వీలుంది, మిగిలినదానికి డివిడెండు వస్తూనే ఉంటుంది. నామినీ పేరు నమోదు చేయించడం మరువవద్దు. అది లేక విధవరాండ్రు కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

పెద్దవారికి కూడా ఒక మనవి. అమ్మా, అయ్యా, సాయానికి దరఖాస్తు పెడితే కొడుకు పరువు పోతుందని వెనుకాడకండి. నలుగురూ ఏమనుకుంటారోనని మందులు సగం మింగి సగం దాచుకోకండి. మీరు అడుగుతున్నది భిక్ష కాదు. ఈ నేలమీద మీరు ముందే పనిచేసి పెట్టుబడి పెట్టారు. మీ ఐ.సి. చూపించి మీకు రావలసినది తీసుకోవడంలో ఏ చిన్నతనమూ లేదు.

ఈ కొత్త సంవత్సరంలో మన పెద్దలకు ఆదాయం ఎంతో కొంత పెరగాలని, అవమానం సున్నా కావాలని, అందుకు మన చేతులు కూడా సాయపడాలని ఆలయంలోని స్వామివారిని వేడుకుంటున్నాము.

శుభం భూయాత్.