ఇంకొక్క ముద్ద

2024 ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు మా చెల్లెలు పిల్లలతో సహా మా ఇంటికి వచ్చింది. ఏటా వస్తుంది. కొండ ఎక్కి దిగి, దివ్యబలిపూజలో పాల్గొని, మధ్యాహ్నానికి ఇల్లు చేరి, ఇరవైమందిమి వరుసగా చాపల మీద కూర్చుని భోంచేయటం మా కుటుంబ ఆనవాయితీ. ఆ ఏడు మాత్రం ఒక తేడా ఉంది. అంతకు మూడు నెలల ముందే ఆమెకు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఆమె పళ్ళెంలో మూడు చెంచాల అన్నం చూసి ఊరుకోలేకపోయాను. "ఇదేం తిండి అమ్మాయ్, పిచ్చుక తిన్నట్టు! మీ వదిన నీకోసమే చేసింది. ఇంకొక్క ముద్ద" అంటూ గరిటెడు బిర్యానీ వేసేశాను. "వద్దన్నయ్యా" అంది. నేను వినలేదు. అందరూ చూస్తున్నారని తినేసింది. అయిదు నిమిషాలు గడవకముందే లేచి పెరట్లోకి పరుగెత్తింది.

చెంబుతో నీళ్ళు పట్టుకుని నేను వెనకాలే వెళ్ళాను. గోడకు చెయ్యి ఆనించి వంగి నిలబడి ఉంది. తల ఎత్తకుండానే, "నువ్వు పెట్టినందుకు కాదన్నయ్యా, నేను కాదనలేకపోయినందుకు ఏడుపొస్తోంది" అంది.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. నలభై ఏళ్ళు పిల్లలకు నీతిపాఠాలు చెప్పినవాణ్ణి నేను. వద్దన్నవారికి వడ్డించటం తప్పని ఆ నలభై ఏళ్ళలో ఒక్కనాడైనా నాకు తోచలేదు.

ముందుగా ఆపరేషన్ సంగతి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే దీన్ని గురించి మనవాళ్ళలో అపోహలు ఎక్కువ. ఇది అందం కోసం కొవ్వు తీయించుకోవటం కాదు. మా చెల్లెలికి చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే పద్ధతి. జీర్ణకోశంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసి, మిగిలిన భాగాన్ని అరటికాయలాంటి సన్నని గొట్టంగా కుట్టేస్తారు. బైపాస్ అని మరో పద్ధతి ఉంది. అందులో పైభాగాన చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని చిన్న పేగు కింది భాగానికి కలుపుతారు. ఆ పద్ధతిలో తీపి తింటే కొందరికి చెమటలు పట్టి, గుండె దడదడలాడుతుంది. రెంటిలో ఏది చేయించుకున్నా మొదట కొన్నాళ్ళు నీళ్ళలాంటి ఆహారం, తర్వాత మెత్తగా నలిపినది, ఆ తర్వాతే మామూలు తిండి. అది కూడా పిడికెడు. బి12, ఇనుము, కాల్షియం వంటివి జీవితాంతం మాత్రల రూపంలో వేసుకోవాలి. షుగరు, మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట ఊపిరి ఆగినట్టయి లేవటం, ఇవన్నీ అనుభవించాకనే ఆమె ఇందుకు ఒప్పుకుంది.

డాక్టర్లు శరీరం గురించి చెప్పవలసిందంతా చెప్పారు. ప్రోటీన్ ముందు తినమన్నారు, అన్నం చివర. తినేటప్పుడు నీళ్ళు తాగవద్దు, అరగంట ఆగమన్నారు. ఈ రెండు నియమాలు మన తెలుగు భోజనాన్ని తలకిందులు చేసేస్తాయని వాళ్ళకు తెలిసినా చెప్పే తీరిక ఉండదు. మన ఇంట్లో ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి తర్వాతే విస్తరి వేస్తాం. పప్పైనా కూరైనా అన్నంలోకే గాని, అన్నం లేని కూరను ఎవరైనా భోజనం అంటారా? రెండు గుడ్లు, నాలుగు చెంచాల పప్పు తిని లేచిన మనిషి, "నేను భోంచేశాను" అని తనకు తాను చెప్పుకోవటానికే మా చెల్లెలికి ఆరు నెలలు పట్టింది.

అసలు బాధ ఇంకా లోపల ఉంది. ఆమె భర్త చనిపోయి పదకొండేళ్ళు. రాత్రి పిల్లలు పడుకున్నాక వంటగదిలో నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నంలో ఆవకాయ కలుపుకుని తినటం ఆమెకు అలవాటు. ఆకలికి కాదు. "ఆ గిన్నె ఒక్కటే నన్ను ఏమీ అడిగేది కాదన్నయ్యా" అని ఒకసారి చెప్పింది. ఆపరేషన్ తర్వాత ఆకలి దాదాపు పోయింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను (దీన్ని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు) ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. కాని రాత్రి పది గంటలయితే కాళ్ళు వాటంతట అవే వంటగదిలోకి నడుస్తాయి. ఆకలి లేదు, చోటు లేదు, ఆ పది గంటలు మాత్రం రోజూ వస్తాయి. కావాలని వదులుకున్నదాని కోసం ఏడవవచ్చునా అని ఆమె నన్నడిగింది. ఊరు వదిలి బతుకుతెరువు కోసం వెళ్ళినవాడు ఊరి కోసం ఏడవడా అన్నాను. అంతకన్న మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

బంధువుల మాటలు మరో గాయం. "కష్టపడి తగ్గాలి గాని కోయించుకుని తగ్గటం ఏమిటి? నోరు కట్టుకుంటే చాలదా?" అన్నవారిలో మంచివారు, భక్తిపరులు ఉన్నారు. వారికి ఒక పాత సంగతి చెప్పాలనిపిస్తుంది. 1944, 45 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులపై ఒక పరీక్ష జరిపాడు. ఆరు నెలలపాటు వారికి సగం తిండే పెట్టారు. వారు ఎవరనుకున్నారు? మనస్సాక్షికి విరుద్ధమని యుద్ధంలో తుపాకి పట్టటానికి నిరాకరించి, అందుకు బదులుగా సేవ చేస్తామని ముందుకు వచ్చినవారు. సంకల్పబలంలో వారికి వంక పెట్టలేం. అటువంటివారు కూడా కొన్ని నెలలకు తిండి గురించి తప్ప మరొకటి ఆలోచించలేకపోయారు. వంటల పుస్తకాలు పోగుచేసుకున్నవారున్నారు, కలలోనూ తిండినే చూసినవారున్నారు. దేశం ఆజ్ఞను కాదనగలిగిన మనసు ఆకలి ముందు అలా అయిపోయింది. కనుక లావుగా ఉన్న మనిషిని చూసి "నిగ్రహం లేదు" అని తీర్పు చెప్పేవారు కొంచెం ఆగాలి. నేనూ ఆ తీర్పరులలో ఒకణ్ణే. "అమ్మాయ్, ఒక పూట మానెయ్యరాదూ" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇంట్లో మానెయ్యమన్నవాణ్ణే పండుగనాడు ముద్ద మీద ముద్ద వేసేవాణ్ణి!

అయితే రెండోవైపు కూడా చూడాలి. కడుపు చిన్నదైనంతమాత్రాన మితం అనే సద్గుణం దానంతటదే వస్తుందా? భోజనప్రియత్వాన్ని మన పెద్దలు ఏడు మూలపాపాలలో ఒకటిగా లెక్కించారు. ఆరో శతాబ్దంలో పునీత గ్రెగోరి పాపుగారు దానికి అయిదు రూపాలు చెప్పారు. వేళకు ముందే తినటం, ఖరీదైనవి కోరటం, మితిమీరి తినటం, ఆత్రంగా తినటం, మరీ సింగారించి వండించుకోవటం. పదమూడో శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు కూడా ఈ లెక్కనే తీసుకుని, దోషం పదార్థంలో లేదు, అదుపు తప్పిన కోరికలో ఉందన్నారు. గమనించండి, అయిదింటిలో పరిమాణానికి సంబంధించినది ఒక్కటే. బక్కపలుచని మనిషి ఉప్పు తక్కువైందని భార్య మీద పళ్ళెం విసిరితే అది కూడా భోజనప్రియత్వమే గదా! లావుపాటి మనిషి కలోగంజో దొరికినదాన్ని పక్కవాడికి పెట్టి తింటే అది కాదు. అలాంటప్పుడు సర్జన్ కత్తి ఒక్క రూపాన్నే ఆపగలదు. మిగిలిన నాలుగూ మనిషికే వదిలేస్తుంది.

పునీత అగుస్తీను తన 'ఒప్పుకోలు' పదో భాగంలో ఆహారాన్ని ఔషధంలా తీసుకోవాలని నేర్చుకున్నానని రాశారు. ఆకలి నుంచి తృప్తికి వెళ్ళే దారిలోనే వల పన్ని ఉంటుందని కూడా అన్నారు. నేను యౌవనంలో ఆ మాటకు ముగ్ధుణ్ణయ్యాను. ఇప్పుడు కొంచెం అనుమానంగా ఉంది. మా చెల్లెలికి నిజంగానే తిండి ఔషధమైపోయింది. రోజుకు అరవై గ్రాముల ప్రోటీన్, గంటలు చూసుకుని, గ్రాములు తూచుకుని. "మందు మింగుతున్నానన్నయ్యా, తినటం లేదు" అని ఆమె దిగులుపడింది. అంత పెద్ద పునీతునితో వాదించే అర్హత నాకు లేదు గాని, ఉత్థాన క్రీస్తుప్రభువు శిష్యుల ఎదుట కాల్చిన చేపముక్క తిన్నది ఔషధంగా కాదని మాత్రం అనగలను.

అన్నం పారేయటం గురించి కూడా చెప్పాలి. మా అమ్మ మెతుకు కింద పడితే తీసి కళ్ళకు అద్దుకునేది. ఆ పెంపకంలో పెరిగిన మా చెల్లెలు పిల్లలు వదిలినదంతా తానే తినేది. సగం బరువు ఆ ఎంగిలి పళ్ళేలదే అని తనే నవ్వుతుంది. ఇప్పుడు పళ్ళెంలో వదిలి లేవవలసి వచ్చినప్పుడల్లా పాపం చేసినట్టు వణికిపోయేది. ఒకనాడు ఇద్దరం కూర్చుని అయిదు రొట్టెలు రెండు చేపల ఘట్టం చదువుకున్నాం. ఏదీ వ్యర్థం కాకూడదని ప్రభువు మిగిలిన ముక్కలు పోగుచేయించారు. పోగుచేసింది పన్నెండు గంపలలోకి. అప్పటికే తృప్తిగా తిన్నవారి కడుపులలోకి కాదు. ఇన్నేళ్ళు విన్న సువిశేషంలో ఆ గంపలు మాకు ఆనాడే కనిపించాయి. మర్నాడు ఆమె మూత ఉన్న చిన్న డబ్బాలు నాలుగు కొనుక్కుంది.

ఆ ఏడు గుణదల ఉత్సవాలు ముగిసిన మూడో రోజే విభూది బుధవారం. "నాకు ఉపవాసం ఏమిటి?" అని ఫోను చేసింది. శ్రీసభ నియమం ప్రకారం ఆనాడు ఒక పూర్తి భోజనం, రెండు చిన్న పూటలు. ఆమె రోజంతా తినేది ఆ ఒక్క భోజనానికి సమానం కాదు. జబ్బుపడినవారికి మినహాయింపు ఉందనీ, ఆకలి లేకుండా మానటం ఉపవాసం కాదనీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే రాత్రి పది గంటలకు వంటగదిలోకి వెళ్ళకుండా ఉంటాను. అప్పుడు ఎవరికైనా ఫోను చేస్తాను" అంది. ఆ నలభై రోజులలో చాలా రాత్రులు ఆ 'ఎవరైనా' నేనే. మొదట్లో విసుగు కలిగింది. తమ్ముడు చనిపోయినప్పుడు కూడా మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోలేదు.

ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. తిండి అనే ఊతకర్ర లాగేస్తే కొందరు మరో కర్ర వెతుక్కుంటారు. బైపాస్ చేయించుకున్నవారిలో రెండో సంవత్సరం నుంచి మద్యం సమస్య పెరుగుతున్నట్టు అమెరికాలో 2012లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మనసు కుంగుబాటు కూడా రావచ్చు. అది విశ్వాసం తక్కువైనందువల్ల కాదు. సర్జన్ దగ్గరకు వెళ్ళినంత నిస్సంకోచంగా మానసిక వైద్యుని దగ్గరకూ వెళ్ళాలి. మా చెల్లెలు వెళ్ళింది. మొదటిసారి తోడుగా వెళ్ళి బయట బల్ల మీద కూర్చున్నది నేనే. ఆకలి కూడా ఏడాది దాటాక కొంత తిరిగి వస్తుందని ఆమెకు ముందే చెప్పారు, వచ్చింది. అది వచ్చిన రోజు భయపడుతూనే, "అన్నయ్యా, ఆకలేసింది" అని పాత స్నేహితురాలు కనిపించినట్టు చెప్పింది.

ఇక పొగడ్తలు. "ఎంత బాగున్నావో ఇప్పుడు!" అన్న ప్రతిసారీ ఆమె ముఖం చిన్నబోతుంది. అప్పటి మనిషి ఏమైంది మరి? ఇద్దరు పిల్లలను ఒంటిచేత్తో పెంచింది ఆ లావుపాటి మనిషే గదా.

2025 ఫిబ్రవరిలో మళ్ళీ గుణదలకు వచ్చారు. చాపలు పరిచాం. మా చెల్లెలు తన గిన్నె తానే తెచ్చుకుంది, పెరుగు తోడుపెట్టుకునేంత చిన్న స్టీలు గిన్నె. "వదినా, చేపముక్క ఒకటి, గోంగూర ఒక్క చెంచా. అంతే" అంది. నేను గరిటె ముట్టుకోలేదు. కాని మా పిన్నికి ఇవన్నీ తెలియవు గదా. ఆవిడ వంగి వంగి వడ్డించుకుంటూ వచ్చి, "ఇంకొక్క ముద్ద తల్లీ, చిక్కిపోయావు" అంటూ గరిటె చాచింది. నేను నోరు తెరవబోయాను. మా చెల్లెలు తన గిన్నె మీద అరచెయ్యి బోర్లించి, "కడుపు నిండింది పిన్నీ. నువ్వు ఇలా కూర్చో. మోకాలి ఆపరేషన్ అన్నావు, ఏమైంది?" అంది.

పిన్ని గరిటె వెనక్కి తీసుకుంది. కొంచెం నొచ్చుకున్నట్టే కనిపించింది. అయినా కూర్చుంది. అందరూ లేచిపోయాక కూడా వాళ్ళిద్దరూ చేతులు ఎండిపోయేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.