మొదటి వడ్డీ

యాభై మూడో ఏట బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. ఏడాది గడిచినా, కోడంబాక్కంలో మా ఇంటి ఎదుటి వేపచెట్టు కాగితం మీద గొడుగులాగే ఉంది. విసుగొచ్చి పుస్తకం అటకెక్కించాను.

ఆ రాత్రి విక్రమార్కుడు గుర్తొచ్చాడు. 1952లో చందమామలో చేరిన శంకర్ గారు, మా పక్క వడపళనిలో, గీసిన విక్రమార్కుడు. బేతాళుడు మళ్ళీ చెట్టెక్కితే ఆయనా మళ్ళీ చెట్టెక్కుతాడు, చెట్టును తిట్టడు.

మరి నా విసుగెందుకు? డిపాజిట్ వేసిన మర్నాడే వడ్డీ అడిగేవాళ్ళను చూసి బ్యాంకులో నవ్వుకుంటాను. ఇంట్లో నా చేతిని నేనే అలా నిలదీస్తున్నాను.

పుస్తకం దించి నిరుటి వేపచెట్టు చూశాను. వేసిననాడు మురిసిపోయాను, నేడు తప్పులే కనబడ్డాయి. గీత మారలేదు, చూపు మారింది. నాకు ముట్టిన మొదటి వడ్డీ అదే. పెన్సిల్ చెక్కుకున్నాను.