చిల్లుల్లో మెరిసే కిరీటం

తోలుబొమ్మ రాముడి కిరీటంలో రాళ్లు మెరవాలంటే దానికి ఏ రంగూ పుయ్యరు. చిన్న ఉలి ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, తోలుకు చిల్లు పెడతారు. ఒక చిల్లు గుండ్రంగా, పక్కది చుక్కలా, దాని కింద వరస చంద్రవంకల్లా. పగటిపూట చేతిలోకి తీసుకుని చూస్తే అదొక తూట్లు పడిన మేకతోలు, అంతే. రాత్రి వెనక దీపం వెలిగించి తెరకు ఆనించారా, ఆ తూట్లన్నీ వజ్రాలవుతాయి. హారాలు, భుజకీర్తులు, వడ్డాణం, చీర అంచు, అన్నీ అలా పుట్టినవే. రంగు ఉన్నచోట ఒళ్లూ బట్టా, తోలే లేనిచోట నగ! లేనిదాంతో ఇంత కలిమి చూపించిన ఆ మొదటి పనివాడెవడో గాని, వాడి చేతులకు మొక్కాలి.

పెండ్లిమర్రి, వేంపల్లె, పులివెందుల వైపు పల్లెల్లో పెద్దవాళ్లను కదిలిస్తే బొమ్మలాట ముచ్చట్లు బయటికొస్తాయి. వానలు మొహం చాటేసిన ఏడు బొమ్మలాట ఆడిస్తే మబ్బు పడుతుందని రాయలసీమ నమ్మకం. శివరాత్రి జాగారానికి సరేసరి, పొద్దు పొడిచేదాకా కూర్చోబెట్టగల ఆట అది. అనంతపురం పక్కనుంచి బొమ్మల పెట్టెలు మోసుకుని మేళాలు ఊళ్లు తిరిగేవి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో మరాఠీ కలిసిన మాట, తెర వెనక్కి వెళ్తే నిఖార్సయిన తెలుగు రామాయణం. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆలస్యమే అనుకోండి, అయినా వచ్చింది.

యానిమేషన్ సినిమాలో కెమెరా ఎక్కడ పెట్టాలి, రంగుతో కథ ఎలా చెప్పాలి అని ఈ రోజుల్లో పిల్లలు ఫీజులు కట్టి నేర్చుకుంటున్నారు. నేర్చుకోవాల్సిందే. కానీ వాళ్లను ఒక్క రాత్రి బొమ్మలాట తెర వెనక కూర్చోబెట్టి చూడమంటే ఎంత బాగుంటుంది! ముందు నుంచి కాదు, వెనక నుంచి.

అక్కడ కెమెరా లేదు, ఆటగాడి చెయ్యే కెమెరా. తెల్ల పంచెలు కలిపి కట్టిన తెర, వెనక దీపాలు, మధ్యలో మనిషి. బొమ్మను తెరకు అదిమి పట్టాడంటే గీత గీతా కనిపిస్తుంది, రంగు చిక్కబడుతుంది, కంటిరెప్ప మీది వెంట్రుక కూడా లెక్కపెట్టొచ్చు. అదే బొమ్మను దీపం వైపుకు వెనక్కి లాగాడా, తెర మీద అది పెరగడం మొదలుపెడుతుంది. పెరిగేకొద్దీ అంచులు చెదిరిపోతాయి, రంగు పలచనవుతుంది, రాక్షసుడు మనిషి లెక్క తప్పి పొగలా కమ్ముకుంటాడు. మళ్లీ ఒక్క ఊపున తెరకు కొట్టాడంటే, ఎదురుగా రావణుడు! సినిమా వాళ్లు ఫోకస్ లాగడం అంటారే, అది మూరెడు చోటులో ఒంటిచేత్తో అయిపోయింది. బొమ్మను పక్కకు తిప్పితే సన్నని గీతై మాయమవుతుంది, అది ఒక కట్. తిరగేసి ఆనిస్తే ఎడమకు చూసేవాడు కుడికి చూస్తాడు, తోలుకు రెండు పక్కలా రంగు ఉంటుంది గనక ఏ పక్కకు తిప్పినా వాడు వాడే. దర్బారు సీను వస్తే కదలని వాళ్లందర్నీ ఈతముళ్లతో తెరకు గుచ్చి నిలబెడతారు. మాట్లాడేవాడి చెయ్యి మాత్రం ఆడుతుంది. చూసేవాడి కన్ను ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

యుద్ధం వచ్చినప్పుడు చూడాలి. కాళ్ల కింద చెక్కలు టకటకా మోగుతాయి, మద్దెల ఊపందుకుంటుంది, రెండు బొమ్మలు ఒకదాని మీదికి ఒకటి దూసుకొస్తాయి. దగ్గరిది పదునుగా, దూరంది మసకగా, రెండు తోళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డచోట రంగులు కలిసిపోయి ముదురు నలుపు. ఆ నలుపును ఎవరూ పుయ్యలేదు. కొట్లాటే దాన్ని పుట్టించింది. దీనికి రీటేకు లేదు, చెయ్యి జారితే ఊరంతా చూస్తుంది.

రంగు సంగతి ఇంకా వింత. గోడ మీది బొమ్మకు వెలుగు ముందు నుంచి పడుతుంది, రంగు దాన్ని తిప్పి కొడుతుంది. తోలుబొమ్మలో వెలుగు రంగులోంచి నడిచి వస్తుంది. అందుకే రాముడి నీలం గోడ మీద నీలంలా ఉండదు, లోపల ఏదో వెలుగుతున్నట్టే ఉంటుంది. పాత సినిమా రీలు చేసిన పనీ ఇదే, రంగు ఫిల్ము వెనక దీపం పెట్టి తెర మీదికి తోయడమే. ఆముదం దీపాల కాలంలో మంట అల్లాడేది, దాంతో బొమ్మ ఊరికే నిలబడినా ఊపిరి తీస్తున్నట్టుండేది. పెట్రోమాక్స్ వచ్చింది, తర్వాత బల్బులొచ్చాయి. బల్బు సౌకర్యమే, కాదనను. కానీ బల్బు ముందు రాముడు కొంచెం ఊపిరి బిగబట్టినట్టే ఉంటాడు.

వెనక దీపంతో సినిమా తీసినవాళ్లూ ఉన్నారు. 1926లో జర్మనీలో లోట్టె రైనిగర్ అనే ఆవిడ నల్ల కాగితాలు కత్తిరించి, కీళ్లు బిగించి, గాజు పలక కింద దీపం పెట్టి, పైన కెమెరా నిలిపి 'ప్రిన్స్ అక్మెద్' కథను ఒక్కో ఫ్రేమూ జరుపుతూ తీసింది. ఆ నీడలకు రంగు అద్దిన ఫిల్ము నేపథ్యం. పదకొండేళ్లకు, 1937లో, డిస్నీ వాళ్లు గాజు పలకల్ని అంతస్తులుగా పేర్చి, ఒక్కో పలకను వేరువేరు వేగంతో జరిపే కెమెరా పెట్టారు, చెట్టు దగ్గరగా, కొండ దూరంగా కదిలేలా. దూరానికి అర్థం ఉందని, దగ్గరితనానికి బరువు ఉందని ఈ రెండు చోట్లా వేర్వేరు చేతులు కనిపెట్టాయి. మనవాళ్లు ఎప్పటి నుంచో ఆ పనిలోనే ఉన్నారు. పాల్కురికి సోమనాథుడి నాటికే తెలుగునాట బొమ్మలాటలున్నాయి.

2015లో వచ్చిన పిక్సార్ 'ఇన్‌సైడ్ అవుట్' చూస్తున్నప్పుడు నాకు ఈ తెర వెనక దీపమే గుర్తొచ్చింది. పదకొండేళ్ల పిల్ల తలలోపల సంతోషం పసుపు, దుఃఖం నీలం. జ్ఞాపకాలన్నీ వెలిగే గోళాలు. పసుపు గోళాన్ని దుఃఖం ముట్టుకుంటే అది నీలంగా మారుతుంది. సంతోషానికి అది తప్పుగా, పాడైపోవడంగా కనిపిస్తుంది. చివరికి ఒకే గోళంలో రెండు రంగులు కలిసి వెలిగినప్పుడు, ఒక్క సంభాషణ లేకుండానే ఆ సినిమా చెప్పాల్సింది చెప్పేసింది. కెమెరా కూడా అంతే తెలివైనది. తల లోపలి లోకంలో అది నున్నగా, అచ్చు గీసినట్టు జరుగుతుంది. బయటి లోకంలో చేత్తో పట్టుకున్నట్టు కొంచెం వణుకుతుంది, లెన్సు లోపాలతో కనిపిస్తుంది. కంప్యూటర్లో పుట్టిన లోకంలో లోపాన్ని కూడా ఎవరో కూర్చుని తయారుచేశారు. ఎంత శ్రమ, ఎంత మనసు!

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను. ప్రొద్దుటూరు మీదుగా ఆళ్లగడ్డ దాటితే అహోబిలం, స్తంభం చీల్చుకుని వచ్చిన దేవుడి చోటు. 2025లో 'మహావతార్ నరసింహ' యానిమేషన్ సినిమా తెలుగులోనూ వచ్చింది. కానీ నేను అంటున్నది ఆ ఒక్క సినిమా సంగతి కాదు, ఆ కథలో ఉన్న సినిమా సంగతి. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో కాదు, బయట కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. హిరణ్యకశిపుడు అడిగిన వరాలను వరసగా పేర్చి చూడండి, అది షాట్ల చిట్టా! సంధ్య ఎరుపు లేకపోతే ఆ కథే లేదు, రంగే కథకు ముడి. కెమెరా గడప మీద నిలబడాలి, లోపలి చీకటీ బయటి వెలుగూ రెండూ ఒకే చట్రంలోకి రావాలి. తొడల మీద పడుకోబెట్టిన ఆ ఒళ్లు నేలకు తగలకుండా కనిపించాలి, అంటే కింది నుంచి చూపాలి. ఇన్ని షరతులు పెట్టి, ఇన్నింటినీ ఒక్క చూపులో తీర్చమని మన పాతవాళ్లు ఏనాడో ఒక దర్శకుడికి సవాలు విసిరి వెళ్లారు. గీసేవాడు చెయ్యి తిరిగినవాడైతే, వరం ఎక్కడ చిట్లిందో మాట లేకుండానే తెలుస్తుంది. సంధ్యను మామూలు సాయంత్రంలా గీశాడంటే నరసింహుడు ఎంత గర్జించినా దండగే.

మళ్లీ బొమ్మలాటకు వస్తే, ఈ నియమాలన్నీ నవ్వించే బొమ్మ కేతిగాడి దగ్గర చెల్లవు. వాడూ బంగారక్కా, వీళ్లకు తోడు జుట్టు పోలిగాడూ. రామాయణంలో లేని జనం వీళ్లు, కానీ వీళ్లు లేకుండా రామాయణం తెల్లవారుజాము దాకా నడవదు. రావణుడి దర్బారు నిండుగా ముళ్ల మీద నిలబడి ఉంటుంది. పది తలలూ, ఇరవై చేతులూ, చిల్లులన్నీ ధగధగా. మధ్యలోకి కేతిగాడు ఎగిరి దూకుతాడు. నీలమూ కాదు, దైవమూ కాదు, మన వీధిలో వాడే. వాడికి దూరపు షాటు లేదు, ఎప్పుడొచ్చినా తెరకు అతుక్కునే వస్తాడు. ఆ ఏడాది బోర్లలో నీళ్లెందుకు లేవో, శనక్కాయల రేటు ఎవరు మింగారో, ఊళ్లో పెళ్లికొడుకు ఎందుకు పారిపోయాడో బంగారక్కతో తగువు పెట్టుకుంటూ చెప్పేస్తాడు. వాళ్ల జగడం తేలేదాకా, జనం నవ్వు ఆగేదాకా, లంకాధిపతి తన పది తలలతోనూ వెనక కాచుకుని నిలబడాల్సిందే.