కంపు అన్నది ఎవరు?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఆదివారం ఎవరో రాశారు: "మూడో ఫ్లోర్ నుంచి ఎండుచేపల కంపు. లిఫ్టులోకి కూడా వస్తోంది." పది నిమిషాల్లో బోలెడు థమ్సప్‌లు పడ్డాయి. అందులో ఒకటి నాది. వాసన నిజంగానే వస్తోంది కదా, ఉన్నమాట అనడంలో తప్పేముంది అనుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, వాసన రావడం ఒక సంగతి, దాన్ని కంపు అనడం ఇంకో సంగతి.

అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం చేశారు. పూలవాసన లాంటిదాన్ని ఏకధాటిగా మూడున్నర నిమిషాలు పీల్పిస్తే చాలు, ఆ కోవ వాసనల మధ్య తేడాలు మనుషులకి మునుపటికన్నా బాగా తెలిశాయి. 2008లో ఇంకోటి. ఎంత వాసన చూసినా తేడా పట్టలేని రెండు రసాయనాలు తీసుకుని, ఒకదానితో పాటు కరెంటు షాక్ ఇచ్చారు. ఆ తర్వాత ఆ తేడా తెలిసిపోయింది. వాసనల్ని గుర్తుపట్టే పిరిఫాం కార్టెక్స్‌లో కూడా ఆ రెండింటి ముద్రలు వేరుపడ్డాయి. అంటే ముక్కుకి అలవాటూ నేర్పుతుంది, భయమూ నేర్పుతుంది.

మరి నాకు షాక్ ఇచ్చిందెవరు? చిన్నప్పుడు చేపల బజారు దాటేటప్పుడు మా నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. నేను చొక్కా కాలరు పైకి లాక్కునేవాణ్ణి. వాసన ఎలా ఉందో చూడకముందే అది చెడ్డదని నేర్చుకున్నాను.

ఇంగువ ఘాటు గంధకం కలిసిన పదార్థాల వల్ల వస్తుంది. జర్మన్ భాషలో దాని పేరుకి అర్థం సైతాను మలం. మా లిఫ్టులోకి ఇంగువ పోపు రోజూ వస్తుంది. గ్రూపులో ఎవరూ ఏమీ రాయరు.

ఒక వాసన నాకు పడకపోవడం నా తప్పేం కాదు. ఇప్పటికీ ఎండుచేపల వాసన నాకు నచ్చదు. కాకపోతే "నాకు అలవాటు లేదు" అనాల్సిన చోట "కంపు" అన్నాం. మొదటి మాట నా గురించి, రెండోది వాళ్ళ గురించి. నా ముక్కుకి జరిగిన శిక్షణకి వాళ్ళెందుకు జవాబు చెప్పాలి?

ఆ మెసేజ్ తర్వాత మూడో ఫ్లోర్ వాళ్ళు కిటికీలు మూసుకుని వండుకోవడం మొదలుపెట్టారు. హైదరాబాద్ మే నెలలో అది చిన్న శిక్షేం కాదు. అందులో నా థమ్సప్ వాటా కూడా ఉంది.