పతనము – ఆలంబనము



మన హైదరాబాదులో మాదాపూరు కొండరాళ్ల నడుమ 1998లో సైబర్ టవర్స్ భవనము వెలసినది. నాటినుండి ఆ ప్రాంతమున ఎత్తైన సౌధములు, వంతెనలు ఎన్నియో లేచినవి. దానికి సమీపముననే బయోడైవర్సిటీ కూడలివద్ద 2019 నవంబరు 4వ తేదీన ఒక వంతెన తెరువబడినది. అదే నెల 23వ తేదీన మితిమీరిన వేగముతో పోవుచున్న కారొకటి దానిపైనుండి క్రిందికి పడినది. నడుపుచున్నవాడు బ్రదికెను. క్రింది దారిలోనున్న ఒక స్త్రీ ప్రాణములు కోల్పోయినది.

పతన మనగా నేమి? సంయోగము లేనప్పుడు గురుత్వమువలన వస్తువు పడునని వైశేషిక దర్శనమున కణాద మహర్షి చెప్పెను. తొడిమ పట్టియున్నంతవరకు మామిడిపండు పడదు. దానికి బరువు లేక కాదు, పట్టు ఉన్నందున. పతనమునకు తొలిక్షణమున గురుత్వమొక్కటియే కారణమనియు, పిమ్మట అందు పుట్టిన వేగసంస్కారము కూడ తోడగుననియు ప్రశస్తపాదాచార్యులు వివరించిరి.

నేటి భౌతికశాస్త్రము భూమ్యాకర్షణమును గణితముతో నిరూపించినది. గాలి అడ్డును విడిచి చూచినచో, పడు వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండవ సెకనులో 14.7 మీటర్లు దిగును. ఆ రెండు సెకనులు ముగియునప్పటికి దాని వేగము గంటకు 70 కిలోమీటర్లు. ఇందు బరువునుబట్టి భేదము లేదు. 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్, గాలి లేని చంద్రునిపై సుత్తిని, ఈకను ఒక్కమారు విడువగా రెండును కలిసియే నేలను తాకినవి.

మనుష్యుని పతనమును ఇట్లే గ్రహింపవలెను. విషయచింతనముతో మొదలై ఆసక్తి, కామము, క్రోధము, మోహము, స్మృతిభ్రంశము, బుద్ధినాశముల మీదుగా సర్వనాశము వరకు గల క్రమమును గీత రెండవ అధ్యాయమున భగవానుడు చూపెను. తొలిమెట్టున అది మందగమనము, మనస్సును మరలింపవచ్చును. జారినకొలది పూర్వసంస్కారము తోడై వేగము హెచ్చును. శాస్త్రములు చదివితినను పండితుడును, ఏమియు నెరుగననెడు పామరుడును సుత్తియు ఈకయు వంటివారే. పట్టు విడిచినచో ఇరువురికిని పతనము తప్పదు.

"నేను చెడిన నాకే గదా" యని కొందరందురు. నాడు వంతెనక్రింద నున్న ఆమె చేసిన తప్పేమి? తండ్రి జారినచో బిడ్డలమీదను, గురువు జారినచో శిష్యులమీదను ఆ బరువు పడును.

కావున గురుత్వము పోవలెనని కోరుట వ్యర్థము. దేహమున్నంతవరకు అది యుండును. నిత్యానుష్ఠానము, సజ్జనసాంగత్యము, భగవన్నామము అను పట్టును ఒక్క దినమైనను సడలనీయకుందుము. జారితిమని తెలిసినచో ఆ తొలిక్షణముననే స్వామి పాదములను పట్టుకొందము. దయామయుడగు ఆ శ్రీహరి మనలను, మన ఆసరాతో బ్రదుకు వారిని కాపాడుగాక!