లావు పైపు మీద మమకారం

ఇనుము కొట్టులో పైపు చేతికి తీసుకోగానే నేను మొదట చూసేది బరువు. బరువుంటే గట్టిదేనని మనసు వెంటనే ఒప్పేసుకుంటుంది. నక్కపల్లిలో పెరిగినవాణ్ణి. ఇక్కడ ఇనుము కొనేది కిలోల లెక్కన. ఉప్పుగాలికి పల్చటి రేకు ఎంత త్వరగా చిల్లులు పడుతుందో చిన్నప్పటినుంచీ చూశాను. విశాఖ ఉక్కు మా గర్వం, కానీ అందులో తయారయ్యేవి కమ్మీలు, యాంగిళ్లు, ఛానళ్లు. పైపు చుట్టే రేకు కాదు. లోపల బోలుగా ఉన్నదాన్ని నమ్మడం మాకు అలవాటు లేదు.

ఇద్దరు పడుకునేంత చిన్న క్యాంపింగ్ ట్రైలర్ సొంతంగా కట్టుకుని, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కాలన్నది నా కోరిక. చాసిస్‌కు ఏ పైపు వేయాలన్న దగ్గరే ఆగిపోయాను. వెల్డింగ్ మేస్త్రీ తేల్చేశాడు: “లావుది ఏసీండి బాబూ, బెంగుండదు.”

ఆ బెంగ దేనికని నన్ను నేను అడక్క తప్పలేదు. లెక్క వేసి చూశాను. 50×50 స్క్వేర్ పైపు 3 ఎమ్మెమ్ మందంలో మీటరు 4 కిలోలు దాటుతుంది. 80×40 పైపు 2 ఎమ్మెమ్‌లో తీసుకుని నిలువుగా పెడితే 4 కిలోలలోపే. అయినా కిందికి వంగకుండా ఆపే బిగువు 80 శాతానికి పైగా ఎక్కువ. మందం పెంచితే బిగువు దాదాపు ఆ పాళ్లలోనే పెరుగుతుంది, ఎత్తు పెంచితే ఎన్నో రెట్లు. లెక్క కళ్లముందే ఉన్నా మనసు బరువు వైపే లాగింది. బలం కన్నా నేను కోరుకుంటున్నది నిశ్చింత అని అప్పుడు తెలిసింది. దాని ఖరీదు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను, దిగేటప్పుడు బ్రేకులు కడతాయి.

ఉప్పుగాలి భయం మాత్రం నిజం. పైపు బయట రెడ్ ఆక్సైడ్, దానిమీద రంగు వేస్తాం. లోపలి గోడకు ఏదీ ఉండదు. తెరిచిన కొసలోంచి తేమ దూరితే తుప్పు లోపలినుంచే తినేస్తుంది. అందుకు విరుగుడు కొసలన్నీ సందు లేకుండా మూసి వెల్డ్ చేయించడమే. జీఐ పైపు అయితే అతికే చోట జింకు పూత ముందే గ్రైండ్ చేయించాలి, ఆ పొగ మేస్త్రీ ఊపిరికి చేటు.

ఇంకా లోపలికి చూసుకుంటే నన్ను కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. ఇంత ఆలోచనలోనూ నా బెంగంతా నా బండి గురించే. 16వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. దానిమీద ట్రైలర్ ఊడితే దెబ్బ తగిలేది వెనక బైకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వస్తున్న మనిషికి. ఒత్తిడి ఎక్కువగా పడేది ట్రైలర్‌ను బండికి తగిలించే టో బార్ చాసిస్‌ను కలిసే చోట. పగుళ్లు మొదలయ్యేదీ అక్కడి వెల్డింగ్ అంచునే. అందుకే 3 ఎమ్మెమ్ మందం టో బార్‌కే పెడుతున్నాను, పక్క దూలాలకు 2 చాలు.

మీరూ కట్టుకునేటట్టయితే, టో బార్ పైముఖం మీదా కిందిముఖం మీదా అడ్డంగా వెల్డింగ్ వేయనివ్వకండి, చిల్లులు పెట్టనివ్వకండి. అతుకులు పక్క గోడలకే వేయించండి. ఈ ఒక్క విషయంలో ఎవరెంత తొందరపెట్టినా ఒప్పుకోకండి.