చేతులకు చుట్టిన తాడు



ఐర్లాండు, స్కాట్లాండు దేశాల పెండ్లిండ్లలో ఒక ముచ్చట తరచు కనబడుతుంది. వధూవరులు చేయీ చేయీ కలిపి పట్టుకుంటారు. ఆ చేతుల చుట్టూ రంగుల తాళ్ళో రిబ్బనులో చుట్టి ముడి వేస్తారు. దీనిని 'హ్యాండ్‌ఫాస్టింగ్' అంటారు. ప్రాచీన కెల్టు జాతుల ఆచారమని చెబుతారు. అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మీ అబ్బాయో అమ్మాయో "గుడిలో మా పెండ్లికి కూడ ఇది పెట్టుకోవచ్చా?" అని అడిగితే మీరేమంటారు? "అన్యుల ఆచారం, వద్దు" అనడం తేలిక. "బాగానే ఉంది, కానివ్వండి" అనడం ఇంకా తేలిక.

నిజానికి ఆ మాట కెల్టు భాషలది కాదు. చేయి కలిపి ఒప్పందం ఖాయం చేసుకోవడమనే అర్థంలో పాత నార్సు భాష నుండి వచ్చింది. మనం 'చేపట్టడం', 'పాణిగ్రహణం' అనడం లేదా? అలాంటిదే. మధ్యయుగంలో ఇంగ్లాండు, స్కాట్లాండులలో అది ప్రధానానికీ, ఒక్కొక్కప్పుడు పెండ్లికే పేరు. అప్పుడు బంధించినది నోటి మాట. తాళ్ళు కట్టే పద్ధతి ఎక్కువగా 20వ శతాబ్దంలో ప్రచారంలోకి వచ్చింది.

ఇంకొక కథ కూడ ఉంది. ఇలా చేయి కలిపినవారు ఏడాది మీద ఒక రోజు కాపురం చేసి, నచ్చకపోతే విడిపోవచ్చునట! 1820లో వాల్టర్ స్కాట్ తన 'ది మొనాస్టరీ' నవలలో దీనికి బాగా ప్రచారం కల్పించాడు. దీనికి నమ్మదగిన ఆధారం లేదని ఏ.ఈ. ఆంటన్ అనే న్యాయశాస్త్ర పండితుడు 1958లో వాదించారు. అయినా ఆ కథను నమ్మి, "ప్రేమ ఉన్నంత కాలం" అని ప్రమాణం చేసే జంటలు నేడు ఉన్నాయి. మనం ఆలోచించవలసినది ఇక్కడే.

వధూవరుల సమ్మతియే వివాహాన్ని కలిగిస్తుందని 12వ శతాబ్దంలో మూడవ అలెగ్జాండరు పాపుగారు స్పష్టం చేశారు. గురువు లేకుండా పొలం గట్టు మీద చెప్పుకున్నా అది వివాహమే. మరి మగవాడు చాటుగా చేయి పట్టుకుని మాట ఇచ్చి, తరువాత "నేనెప్పుడన్నాను?" అంటే ఆ ఆడపిల్లకు సాక్ష్యం చెప్పేదెవరు? అందుకే 1563లో ట్రెంటు మహాసభ విచారణ గురువు, ఇద్దరు సాక్షులు ఉండి తీరాలని శాసించింది. స్కాట్లాండు అప్పటికే ప్రొటెస్టెంటు దేశం గనుక ఆ శాసనం అక్కడికి చేరలేదు. కేవలం మాటతో జరిగిన పెండ్లిని అక్కడి చట్టం 1940 వరకు ఒప్పుకుంది. శ్రీసభ భయపడినది చేతులు కలిపినందుకు కాదు, చాటుమాటుతనానికి.

పోలండులో గురువు తన స్టోలునే వధూవరుల చేతులకు చుడతాడు. మనం కట్టే తాళి మాత్రం ఎక్కడిది? హిందూ సోదరుల ఆచారమే, దాని మీద సిలువ చేరింది. మంచి స్థానిక ఆచారాలను నిలుపుకోవచ్చునని 1963లో రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. అయితే ఏ పద్ధతిలోనైనా గురువు ఇద్దరి సమ్మతిని అడిగి స్వీకరించాలన్నది. కాబట్టి తాడు సంగతి విచారణ గురువును ముందుగానే అడగాలి. ఆయన ఒప్పుకుంటే, సమ్మతి చెప్పిన తరువాతే కట్టాలి. నన్నడిగితే, తాడు కంటే ముందు మైకు సరిచూడమంటాను. మన పెండ్లిండ్లలో వీడియోవాళ్ళ హడావుడికి ఆ మాటలు ముందు వరుసకు కూడ వినబడవు.

పిల్లలను మాత్రం సూటిగా అడగండి: "ఈ ముడి ఎన్నాళ్ళకు?" ముందు జరగబోయే దాని మీద షరతు పెట్టి చేసుకున్న వివాహం చెల్లదని 1983 నాటి శ్రీసభ చట్టం, 1102వ నిబంధన, చెబుతున్నది. "ఏడాది చూద్దాం" అన్నది అలాంటి షరతే. ఇది పరదేశుల జబ్బు అని నవ్వుకుంటున్నారా? కట్నం బాకీ తీరేదాకా రావద్దని ఏడాది తిరక్కుండానే కోడలిని పుట్టింటికి పంపిన ఇండ్లు మన విచారణలలో లేవా? అక్కడ ఏ రంగుతాడూ చుట్టలేదు. గుడిలో, గురువు ఎదుట, సిలువ ఉన్న తాళే కట్టారు.